జంతువు పేరు

"సంతకం పెట్టరా ఎలీషా. నీ ఒక్కడి కోసం ఊరంతా పనులు మానుకుని కూర్చుంది," అన్నాడు బాపయ్య.

ఎలీషా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెన్ను వంక చూడలేదు.

రైతు సేవా కేంద్రం వరండా నిండా రైతులే. అడవి పందులను కాల్చడానికి తుపాకి వాళ్లను పంపమని అర్జీ రాసుకున్నారు. పందులు మిర్చి తినవు. కానీ వేళ్ల కింద పురుగు కోసం సాళ్లు సాళ్లుగా తవ్విపోస్తాయి. మొక్కజొన్నయితే తిన్నంత తిని, మిగతాది పడుకోబెట్టి పోతాయి. ఊరంతా సంతకాలు పెట్టింది. మిగిలింది ఎలీషా. కావలసింది కూడా అతని సంతకమే. మనిషి పోయిన ఊరికి అనుమతి ముందొస్తుందట. పందుల మూలంగా మనిషి పోయిన ఇల్లు ఆ ఊళ్లో అతనిదొక్కటే.

నిరుడు మొక్కజొన్న గింజ పాలు పోసుకునే రోజుల్లో, వేకువన చేనికి వెళ్లిన అతని భార్య అంకమ్మ గట్టు మీద పడి ఉంది. మొదట చూసింది ఎలీషా. కేక విని పరుగెత్తుకొచ్చింది పక్కచేను బాపయ్య. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లు.

అర్జీ తీసుకోవడానికి ఫారెస్టు ఆఫీసు నుంచి జాస్మిన్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె చేతిలో ఇంకో కాగితాల కట్ట కూడా ఉంది. మండలంలో తిరిగే అడవి జంతువుల లెక్క అది. పాలిచ్చి పిల్లల్ని సాకేవన్నీ అందులో ఉన్నాయి.

"నక్కలు, ముంగిసలు, కుందేళ్లు ఉన్నాయి. అద్దంకిలో మేడల మీద కోతులు. తాటితోపుల్లో మానుపిల్లులు. తర్వాత గబ్బిలాలు," అని చదివింది.

"గబ్బిలం పిట్ట కాదా అమ్మా?" వెనకనుంచి ఒకతను అడిగాడు.

"కాదండి. అదీ పాలిచ్చేదే."

"పితికి చూశారా?"

వరండా అంతా నవ్వింది. ఎలీషా నవ్వలేదు.

"ఆ లెక్కలో మనిషి లేడేం?" అన్నాడు.

"మనిషి అడవి జంతువు కాదు కదండీ."

"ఎవరు చెప్పారు నీకు?"

జాస్మిన్ తలెత్తి చూసింది. బాపయ్య మధ్యలోకొచ్చాడు. "వాడి మాటలు పట్టించుకోకమ్మా. పెళ్లాం పోయిన కాణ్ణించీ అంతే. ఆవిడ చీరలన్నీ తెచ్చి చేను చుట్టూ కంచె కట్టాడు. పెళ్లి చీరతో సహా. పందులేమో దాని కిందనుంచి దర్జాగా వచ్చి పోతున్నాయి."

"రానీ," అన్నాడు ఎలీషా. "నా కంచె అదే. ఇంకోటి కట్టను."

"కట్టకు. సంతకమన్నా పెట్టి చావు."

"పెట్టను."

జాస్మిన్ కాగితం ముందుకు తోసింది. "సంతకం తర్వాత పెడుదురు గానీ, ముందు ఈ గడి నింపాలండి. మరణానికి కారణమైన జంతువు పేరు. పోస్టుమార్టం కాగితం ఉంటే ఇవ్వండి, అందులో చూసి రాసుకుంటాను."

"పల్లెటూళ్లో అవన్నీ ఎక్కడమ్మా," అన్నాడు బాపయ్య. "మర్నాడే సమాధుల తోటకి తీసుకెళ్లిపోయాం. అడవి పంది అని రాసుకో."

"ఇంటి మనిషి చెప్పాలండి."

అందరూ ఎలీషా వైపు తిరిగారు. అతని కూతురు క్రిస్టీనా పత్తి ఏరుతూ కబురు విని వచ్చింది. తలగుడ్డ ఇంకా విప్పలేదు. తండ్రి పక్కన నిలబడి మెల్లగా అంది.

"అడవి పంది అని ఒక్క మాట చెప్పు నాన్నా. ఆ మాటతో అంతా అయిపోద్ది. అమ్మ ఎటూ రాదు. నాకు నువ్వన్నా ఉండాలి."

"నీకు మొగుడున్నాడు. పిల్లలున్నారు. నా సంగతి వదిలెయ్."

బాపయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఒరేయ్, ఆ రోజు నీ కోసం ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. ఇవాళ ఊరి కోసం నువ్వో మాట అనలేవా?"

"నిలబడమని నేనడిగానా?"

"పంది మీద అంత ప్రేమేంట్రా నీకు?"

"ప్రేమా? అర ఎకరం తొక్కింది నాది. కనపడితే కర్ర తీసుకుని నేనే తరుముతా. కానీ చేను తొక్కిందంటే ఒప్పుకుంటా. చెయ్యని పని దాని నెత్తిన రుద్దితే ఒప్పుకోను."

ఒక రైతు లేచి, అక్కర్లేకపోయినా, బయటకు వెళ్లి ఉమ్మేసి వచ్చాడు.

జాస్మిన్ తనకు అర్థమైనట్టుగా అడిగింది. "మీరు భక్తిపరులనుకుంటానండి. ఆ పందుల్ని క్షమించేశారా?"

"క్షమించలేదు." ఎలీషా గొంతు వరండా దాటింది. "ఆదివారం ఆదివారం పాస్టరు గారు చెబుతూనే ఉన్నారు. వింటూనే ఉన్నాను. క్షమించలేదు. సమాధిలోకి పోయేదాకా క్షమించను."

అతను ముందుకు వంగి పెన్ను తీసుకున్నాడు. బాపయ్య ఊపిరి వదిలాడు. క్రిస్టీనా మాత్రం తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎలీషా ఆ చెయ్యి విడిపించుకుని, పెన్ను జాస్మిన్‌కు అందించాడు.

"ఇప్పుడు రాయి."

"అడవి పంది అనేగా?"

"జంతువు పేరున్న గడిలో ఎలీషా అని రాయి తల్లీ, పందుల కోసమని ఆ గట్టున కరెంటు తీగె కట్టింది నేనే."