బల్లని తాకని ఆవిడ

"ఎవరమ్మా ఈ సున్నా?" కాగితం మీద వేలు పెట్టి అడిగాడు ప్రొఫెసర్ థెమిస్.

"ఉరానియాగారు సార్. ఆ నల్ల గౌను పెద్దావిడ," అంది అతని దగ్గర పరిశోధన చేస్తున్న పొలిక్సేని.

గ్రీసులోని వోలోస్ ఊరి గ్రంథాలయంలో పొలిక్సేని తయారుచేసిన, తాకితే పనిచేసే తెర బల్ల ఉంది. ఆటేమిటంటే, చుట్టూ నలుగురు జట్టుగా నిలబడి, తెర మీది ఊరిని వరద నుంచి కాపాడాలి. ఎవరు ఎన్నిసార్లు తాకారో వాళ్ల వేలి ఉంగరాలని బట్టి బల్లే లెక్క రాస్తుంది.

"మిగతావాళ్లు వందలసార్లు తాకారు. ఈవిడ వారమైనా చెయ్యి పెట్టలేదు. తీసెయ్."

"కానీ సార్, గెలుస్తున్నది ఆ ఒక్క జట్టే కదా..."

"ఈవిడ ఉన్నా గెలుస్తున్నారంటే, లేకపోతే ఇంకా బాగా గెలుస్తారు. శుక్రవారం సర్కారు పరీక్షకులొస్తున్నారు. జనం కలిసి నేర్చుకోవడం వాళ్ల కళ్లబడకపోతే నీ మూడేళ్ల పని అటకెక్కుతుంది."

పొలిక్సేని ఆ పేరు కొట్టేసింది. ఆ పిరికితనం మాత్రం అచ్చంగా ఆమెదే.

ఉరానియా వేలి ఉంగరం తీసిచ్చింది.

"పర్లేదు తల్లీ. నువ్వు మాత్రం వేళకి తిను," అని చేతిసంచి తీసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ చోట ఒక చురుకైన గుమాస్తా వచ్చాడు. మర్నాడే కొంపలంటుకున్నాయి.

"ముందు వంతెన మూయాలంటే వినవేం!" అరిచాడు జట్టులోని బస్సు డ్రైవరు స్తెర్యోస్.

"నువ్వు బస్సు నడుపుకో, ఊరు నడపకు!" బేకరీ ఆవిడ అతని చెయ్యి తోసేసింది.

తెర మీది ఊరు ఆ పూటలో మూడుసార్లు మునిగింది.

పొలిక్సేని ఆ జట్టు ఆడిన పాత వీడియోలు ముందేసుకుని కూర్చుంది. ఎవరి చెయ్యి ఆగినా ఉరానియా పెదవులు కదులుతున్నాయి. శబ్దం పెంచింది.

"వంతెన..."

ఒక్క మాట, అంతే. మిగతాదంతా స్తెర్యోసే, తనకే తట్టినట్టు గడగడా చెప్పుకుపోయాడు.

పొలిక్సేనికి సిగ్గూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. రెండు రోజులు కూర్చుని ఆవిడ మాటలన్నీ ఏరి బల్లకెక్కించింది. ఎవరి చెయ్యి ఆగితే వాళ్ల ముందే ఒక్క మాట వెలిగి ఆరిపోతుంది.

శుక్రవారం పరీక్షకులు చుట్టూ నిలబడ్డారు. వరద పెరుగుతోంది. బేకరీ ఆవిడ చెయ్యి ఆగింది.

'ముసలివాళ్లు...' అని వెలిగింది.

"అవును! ముసలివాళ్లని ముందు ఎక్కించాలి! స్తెర్యోస్, ఏవయ్యా నీ బస్సులు?"

"నువ్వు అడగడమే ఆలస్యం, ఇదిగో!"

"నేను వంతెన మూస్తా, మీరు కానివ్వండి!" అన్నాడు గుమాస్తా.

ఊరు గట్టెక్కింది. నలుగురూ కావలించుకుని గెంతులేశారు. పరీక్షకుల పెద్ద టై వదులు చేసుకుని, "తప్పుకోండి, ఇప్పుడు మా వంతు!" అన్నాడు. వెళ్లేముందు ఇంకో ఇరవై ఊళ్లకి ఇలాంటి బల్లలు కావాలన్నాడు.

"ఈ ఆలోచన ఎక్కడిది నీకు?" అడిగాడు థెమిస్.

"మీరు తీసెయ్యమన్న ఆవిడది సార్. నేను తీసేసిన ఆవిడది."

థెమిస్ ముఖం చిన్నబోయింది. ఇద్దరూ మిఠాయి పెట్టెతో ఉరానియా ఇంటికి పరిగెత్తారు. తలుపుకి తాళం.

"నిన్ననే ఓడెక్కింది," అంది పక్కింటావిడ బట్టలారేస్తూ. "ఇక దీవిలో చెల్లెలి దగ్గరే ఉంటుందట."

"ఆవిడ టీచరా అండీ?"

"టీచరా! ఊళ్లో సగం మందికి ఆవిడ మొహమే తెలీదు. ముప్పై ఎనిమిదేళ్లు మన నాటకశాలలో, జనానికి కనబడకుండా వేదిక కింద గూట్లో కూర్చుని, మాట మరిచిపోయిన నటులకి మొదటి మాట అందించింది ఆవిడే."