కడిగిన సీటు

ముసునూరులో ఇన్నయ్య ఇంటి ముందు మామిడికాయల వ్యాన్ ఒకటి ఆగింది.

డ్రైవర్ ఊరికి కొత్త. చొక్కా నిండా నెత్తురు. చేతిలో కాలేజీ ఐడీ కార్డు.

"వినీల వాళ్లిల్లు ఇదేనాండీ? అమ్మాయికి యాక్సిడెంట్..."

మాట పూర్తి కాలేదు.

"సీటంతా తడిగా ఉంది చూడండి! గుద్దేసి, నెత్తురు కడుక్కుని వచ్చాడు!" ఎవరో అరిచారు.

మొదటి దెబ్బ ఇన్నయ్యదే. తర్వాత ఎవరెవరు కొట్టారో ఎవరికీ తెలీదు.

"నేను కాదండీ... తొందరగా రండి..." అంటూనే అతను కుప్పకూలాడు.

అంతలో ఫోనొచ్చింది. వినీలని ఎవరో నూజివీడు ఆసుపత్రిలో చేర్చి వెళ్లారట. తలకి దెబ్బ. స్పృహ లేదు.

నాలుగో రోజు ఎస్సై కిషోర్ బాబు ఇన్నయ్యని స్టేషన్‌కి పిలిపించాడు. వ్యాన్‌ని షెడ్డులో పెట్టి, వెలుగు రాకుండా చుట్టూ టార్పాలిన్ పట్టాలు కట్టారు. ఫోరెన్సిక్ ఆఫీసర్ దయామణి సీసాలో మందు కలుపుతోంది.

"లూమినాల్ అంటారండీ. నెత్తురు కడిగేసినా దీనికి దొరుకుతుంది. చీకట్లో నీలంగా వెలుగుతుంది."

బంపర్ మీద చల్లింది. వెలగలేదు.

చక్రాల మీద చల్లింది. అక్కడా ఏమీ లేదు.

డ్రైవర్ పక్కసీటు మాత్రం భగ్గున నీలంగా వెలిగింది. స్టీరింగ్ మీద వేళ్ల గుర్తులు. హారన్ మీద అరచేయి మొత్తం.

"మీ అమ్మాయి నెత్తురేనా అన్నది ల్యాబ్‌లో తేలాలి. కానీ గుద్దిన బండిలా లేదండీ. ముందు సొట్ట కూడా లేదు. హారన్ కొట్టుకుంటూ మనిషిని మోసుకెళ్లిన బండి."

ఇన్నయ్య ఆ సీటుకేసి చూపించాడు. "మరి ఎందుకు కడిగాడమ్మా?"

"అది ఈ మందు చెప్పలేదండీ."

"అతన్ని ఒక్కసారి చూడాలి సార్. కాళ్లు పట్టుకుంటాను."

ఎస్సై తల తిప్పుకున్నాడు.

"పొద్దున్నే ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. జి. కొండూరు మనిషి. డేవిడ్ రాజట. ఇక కేసు మీ మీదే, ఇన్నయ్యగారూ. ముందు అమ్మాయిని చూసి రండి."

వెంట కానిస్టేబుల్‌తో ఇన్నయ్య ఆసుపత్రికి వెళ్లాడు. వినీల ఇంకా కళ్లు తెరవలేదు.

వినీలని చేర్చిన రోజు డ్యూటీ అయ్యాక సెలవు మీద వెళ్లి, ఇవాళే తిరిగొచ్చిన నర్సు పార్వతి పలకరించింది.

"వాళ్ల నాన్నగారా? అమ్మాయిని చేర్చిన డ్రైవర్ మీ ఊరొచ్చాడా? ఇంట్లో వాళ్లని తనే తీసుకొస్తానన్నాడండీ."

ఇన్నయ్య తలూపాడు.

"వాళ్లమ్మ ఈ సీట్లోనే కూర్చుంటుంది, బిడ్డ నెత్తురు ఆవిడ కంట పడకూడదంటూ నన్నడిగి బకెట్టు నీళ్లు పట్టుకెళ్లి మరీ కడిగాడండీ."