నూట అరవై ఆరు

అసిటోన్‌లో ముంచిన దూదితో రెండుసార్లు రుద్దాడో లేదో, మెమరీ చిప్ మీది స్పీడు అంకె 166 సగం చెరిగి దూదికి నల్ల రంగు అంటుకుంది.

గోపీనాథ్ దూదిని లైటు కింద పెట్టి చూశాడు. కంపెనీవాళ్లు లేజరుతో చెక్కిన అంకె దేనికీ చెరగదు. చెరిగిందంటే ఎవరో పైన రంగు పూసి కొత్త అంకె వేసినట్టే. నత్త చిప్‌కి గుర్రం పేరు పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో పాత విద్య.

రేపు పొద్దున మాచర్లలో ట్రయల్. మిరపకాయల్లో రంగు పోయిన తాలు కాయల్ని కెమెరాతో పసిగట్టి, గాలితో ఊది పారేసే మిషన్‌కి అతను తయారుచేసిన మొదటి బోర్డు. బోర్డులోని క్లాక్ టక్కుమన్నప్పుడల్లా చిప్ ఠక్కున బొమ్మ అందించాలి. ఒక్క టిక్కు వెనకబడితే మిషన్ తాలును ఉంచుకుని ఎర్రటి కాయను ఊదేస్తుంది. ఆ గాలికే ఆర్డరూ ఎగిరిపోతుంది. చిప్ నకిలీదైతే చేతికి చిప్పే.

నిజానికి అవే చిప్‌లతో బోర్డు పొద్దుటి నుంచీ బల్ల మీద ఒక్క తప్పు లేకుండా నడుస్తోంది. అతనికి అనుమానం వచ్చిందే అందుకు.

బోర్డుకి వాడగా మిగిలిన ఆ ఒక్క చిప్ పట్టుకుని, వాటిని అమ్మిన పద్మజ దుకాణంలోకి దూసుకుపోయాడు.

"ఈ రాత ఎవరిది?"

"నాదే బాబాయ్," అంది పద్మజ తల ఎత్తకుండానే.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. మెమరీ అని చెప్పి మైమరపించావన్నాడు. నమ్మకాన్ని అమ్మకానికి పెట్టావన్నాడు. పోలీసులన్నాడు, కోర్టన్నాడు. నరసరావుపేట బజారంతా వినేలా అన్నాడు.

ఆమె అంతా విని, అసిటోన్ సీసా అతని ముందుకు జరిపి, సగం తుడిచి రావడమేంది, మొత్తం తుడవమంది.

తుడిచాడు. రంగు కింద లేజరు అంకె బయటపడింది. గట్టిగా రుద్దాడు. చెరగలేదు. భూతద్దం పెట్టి చూశాడు.

200.

"నువ్వడిగిన నూట అరవై ఆరు ఎక్కడా దొరకట్లా," అంది పద్మజ. "అదే రేటుకి దానికన్నా స్పీడుది పంపితే, నీ లిస్టులో లేదు, ఏందో మోసముందని రెండుసార్లు తిప్పి పంపావు. నీకు మంచి సరుకు అమ్మాలంటే దొంగపని చెయ్యక తప్పలా బాబాయ్."