ఖాళీ ఇంట్లో కాపురం

స్నానాల గదిలో సబ్బు తడిగా ఉంది. ఓనరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఏమయ్యా, ఇది తడిసిందేంటి?"

"మీరే కదమ్మా, అచ్చం కాపురం ఉన్నట్టే కనపడాలన్నారు!" అన్నాడు వాచ్‌మన్, చేతులు కట్టుకుని.

ఆవిడ అన్న మాట నిజమే. ఆర్నెల్లు ఖాళీగా పడున్న ఇంటిని సర్కారే తీసుకుని ఇల్లు లేనివాళ్లకి ఇచ్చేస్తుందని కొత్త చట్టమొచ్చింది. పోనీ అద్దెకిద్దామంటే, దిగినవాళ్లు ఇక ఖాళీ చెయ్యరేమోనని ఆవిడకి బెంగ. అందుకే సాయంత్రం లైట్లు వేసి, బాల్కనీలో నాలుగు బట్టలు ఆరేసే పని వాచ్‌మన్‌కి అప్పజెప్పింది. ఇవాళ ఈ వీధిలో తనిఖీ అని తెలిసి ఉరుకులు పరుగుల మీద వచ్చింది.

వంటింట్లో పాలగిన్నె ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

"పాలు కాచడం కూడా నాటకమేనా?"

"వాసన రావాలి కదమ్మా. ఆఫీసర్లకీ ముక్కులుంటాయి."

"నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?"

విసురుగా పడగ్గదిలోకి వెళ్లింది. మంచం ఉంది. తను కొనని మంచం! దాని మీద చంటిపిల్ల గౌను, సగం కొరికిన బిస్కెట్టు.

"ఓరి నీ దుంపతెగ! ఎవర్ని దింపావురా నా ఇంట్లో?"

"అరవకండమ్మా. మీ ఇంట్లో ఎవరున్నారో మీకే తెలీదంటే, నాటకం బయటపడిపోదూ?"

ఆవిడ గబగబా వెళ్లి వీధి తలుపు వేసొచ్చింది. అరిస్తే ఇల్లు పోతుంది, అరవకపోతే ఒళ్లు మండిపోతోంది.

"ఇప్పుడా ఆఫీసరొస్తే నా గతేం కాను?"

"ఆయన ఈ ఇంటిని ఖాళీ అని చచ్చినా రాయడమ్మా. పూచీ నాది."

"ఏం చూసుకునిరా నీకంత ధీమా?"

అంతలో వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడైంది. ఆవిడ తాళంచెవి ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

ఒకాయన లోపలికొచ్చాడు. మెడలో సర్కారు కార్డు వేలాడుతోంది, దాని మీద 'ఖాళీ ఇళ్ల తనిఖీ అధికారి' అని రాసుంది. జోళ్లు మూలకి విడిచి, బ్యాగు మేకుకి తగిలించి, అప్పుడు ఆవిణ్ణి చూశాడు.

"ఎవరండీ మీరు? నెలనెలా వాచ్‌మన్‌కి అద్దె కట్టేది నేనైతే, నా ఇంట్లో మీకేం పని?"