సున్నం మరకే!

ట్రేలోంచి తీసిన రొయ్యను అమ్మన్న బొటనవేలితో రుద్దాడు. తల పెంకు మీది తెల్లటి చుక్కలు పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. పెంకు చిట్లింది గానీ చుక్కలు అలాగే ఉన్నాయి. 

"ఏంటి బావా అది, మచ్చా?" పక్క చెరువు గోపి గట్టు మీంచి అడిగాడు.

"మచ్చా లేదు, మన్నూ లేదు! నిన్న సున్నం చల్లాను. ఆ మరక." అమ్మన్న రొయ్యను గుప్పిట్లో దాచేశాడు.

"మరకైతే రుద్దితే పోవాలిగా?"

"పోయిందిలేరా! పొద్దున్నే నీ శకునం ఏంటి నాకు?"

అన్నం క్యారేజీ తెచ్చిన భార్య చిట్టెమ్మ కంగారుపడింది. "నిజంగా మరకేనాండీ?"

"మరకేనే బాబూ! ఎన్నిసార్లు చెప్పాలి?"

నీళ్ళతో పాకి రొయ్యల్ని చంపే తెల్లమచ్చ తెగులు ఎవరి చెరువుకి తగిలినా అందరికీ చెప్పాలి, ఆ నీళ్ళు కాలువలోకి వదలకూడదు. మెట్టకూరు కాలువ మీది రైతులంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటది. చెబితే రొయ్య కొనేవాడు రాడు. అమ్మన్న చెప్పదలచుకోలేదు. పెళ్ళానికి అసలే చెప్పదలచుకోలేదు, ఆవిడ నోట్లో మాట ఆగదు. ఈ చిన్న చెరువు ఎలాగూ పోయేదే. దిగువనున్న తన పెద్ద చెరువు బంగారంలా ఉంది. దానికి కొన్నాళ్ళు కాలువ నీళ్ళు పెట్టకపోతే సరి.

మధ్యాహ్నానికల్లా బేరగాణ్ణి పిలిపించి, తూము ఎత్తించి, నీళ్ళన్నీ కాలువలోకి వదిలేశాడు. వలవాళ్ళు రొయ్య పడుతుండగా దిగువ నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. గోపి నీళ్ళు తోడుకుంటున్నట్టున్నాడు.

'వాడి ఖర్మ!' అనుకున్నాడు అమ్మన్న.  కానీ ఎంతైనా ఒక కంచంలో తిన్నవాళ్ళు. ఉండబట్టలేక గట్టు వెంబడి గోపి చెరువు దాకా వెళ్ళి చూశాడు.

గోపి ఇంజను మీద కప్పిన పట్టా తీయనేలేదు.

"నువ్వు రుద్దేటప్పుడే నీ మొహం చూశాను బావా. అప్పుడే తూము మూసేశా" అన్నాడు గోపి. "ఇంత పని చేస్తావనుకోలేదు. ఛీ!"

"మరి ఆ ఇంజను ఎవరిదిరా?"

చిట్టెమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మనదేనండీ! ఈ గోపి తమ్ముడు నమ్మకపోతే మానె, మీ మాట నేను నమ్మనా? నీళ్ళు తగ్గాయని మన పెద్ద చెరువుకి కాలువ నీళ్ళు నిండా పెట్టేశాను."