కాశీ పేరు చెప్పి

"నీళ్ళ నడుమ గుడారమా? తడవదా?" ఫోనులో ఫొటో చూస్తూ అడిగింది ఉమారాణి.

"గుడారమంటే మన కల్లంకాడి డేరా అనుకున్నవా? లోపల బాత్‌టబ్బు, పట్టెమంచం, అన్నీ ఉంటయి. పండుకున్న కాడి నుంచే ఏనుగుల్ని చూడొచ్చు," అన్నాడు మొగుడు శ్రీనాథ్.

గద్వాలలో శ్రీనాథ్‌ది పత్తి విత్తనాల దుకాణం. ఆ ఏడు టార్గెట్ దాటించినందుకు కంపెనీ దంపతులిద్దరికీ ఆఫ్రికా టూరు ఇచ్చింది. బోట్స్‌వానా దేశం. ఏరు ఎడారిలోకి వచ్చి మడుగులు మడుగులుగా పరుచుకునే చోటు. చిన్న విమానంలో దిగాలి, దోనెల్లో తిరగాలి. ఏ లాడ్జిలో ఎన్ని రోజులుంటారో మీరే ఎంచుకోండని ఫొటోలు పంపారు.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. అతను అమ్మిన విత్తనానికి ఆ ఏడు కాయ పట్టలేదు. రైతులు కడుపు మండి ఉన్నారు.

"మనం బోట్స్‌వానాకు ఏనుగులు చూడబోయినమని తెలిస్తే దుకాణం తగలబెడ్తరు," అంది ఉమారాణి.

"కంపెనీ సొమ్ముతోని గదా పోయేది?"

"ఎవరు నమ్ముతరు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటరు."

"అయితే కాశీకి పోతున్నమని చెప్దాం. గంగ నీళ్ళ సీసాలు ఆన్‌లైన్ల తెప్పిచ్చి పంచుదాం."

ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

నవ్వు ఆగాక చూస్తే, దుకాణం బెంచీ మీద ఒకాయన. యాభై ఏళ్ళుంటాయి. భుజాన తువ్వాల. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో!

"ఏయ్, హమాలీవా? చూసుకుంట కూసున్నవేంది? ఆటోల పురుగుమందు డబ్బాలున్నయి, దించు పో," అన్నాడు శ్రీనాథ్.

అతడు ఏదో చెప్పబోయి ఆగాడు. లేచి డబ్బాలన్నీ దించాడు. చెమట తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"సేటూ, మీరు పోయే దేశంల నేను నాలుగేండ్లు పనిచేసిన," అన్నాడు.

"నువ్వా? ఏ లాడ్జిల?"

"బోర్లేసే బండి మీద. గాడ దోమ శానా చెడ్డది. పోకముందే గోలీలు మొదలువెట్టుండ్రి. వచ్చినంక జరమొస్తే డాక్టరుకు ముందుగాల ఆ దేశం పేరే చెప్పుండ్రి. మా తమ్ముడు చెప్పక సచ్చిండు."

ఉమారాణి ముఖం మాడిపోయింది. శుభమా అని ప్రయాణం పెట్టుకుంటే చావు కబురా!

"నీ నోట్ల మన్నువడ! పో ఇగ," అన్నాడు శ్రీనాథ్.

అతడు తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఏనుగులు చూశారు. నీటిగుర్రాలూ చూశారు. గోలీలు మాత్రం వేసుకోలేదు. వేసుకుంటే వాంతులవుతాయని ఎవరో అన్నారట!

ఊరికి తిరిగొచ్చిన పన్నెండో రోజు శ్రీనాథ్‌కు చలిజ్వరం పట్టుకుంది. దవాఖానలో చేర్చారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి.

"ఈ మధ్య ఊరు దాటి ఎక్కడికైనా వెళ్ళారా?" అడిగింది డాక్టరు మాలతి.

పక్క మంచం మీద వాళ్ళ విత్తనమే వేసిన మానవపాడు రైతు. చుట్టూ అతని వాళ్ళు. ఉమారాణి అటు చూసింది.

"కాశీకి పోయినం మేడం."

డాక్టరు డెంగ్యూ అనుకుని సెలైను పెట్టించింది.

మూడో రోజు వార్డు గుమ్మంలో, ఆనాడు దుకాణంలో డబ్బాలు దించిన మనిషి నిలబడి ఉన్నాడు. ఉమారాణి గబగబా అతనికి ఎదురు వెళ్ళింది.

"దుకాణంకాడికి పోతే సేటుకు జరమన్నరు. అమ్మా, డాక్టరుకు చెప్పినవా?"

"ఏం చెప్పాలె?"

"ఆఫ్రికా సంగతి."

"మెల్లగ! మేం పోయింది కాశీకి."

"నీ కాళ్ళు మొక్కుత తల్లీ. మా తమ్మునికి గూడ డెంగ్యూ అనే సూదులేసిండ్రు. నువ్వు చెప్పకుంటే నేనన్న చెప్త."

అతడు డాక్టరు గది వైపు నడిచాడు. నలుగురిలో బయటపడితే ఇంకేమైనా ఉందా!

"వాచ్‌మన్! వీడెవడో తాగొచ్చిండు, బయటికి తోలు!" అని అరిచింది.

మెడబట్టి గెంటారు. పొద్దుగుంకేదాకా గేటు బయటే ఉన్నాడని ఆయా చెప్పింది. ఉమారాణి కిటికీ తలుపులు మూసింది.

ఐదో రోజు తెల్లవారేసరికి శ్రీనాథ్ పెళ్ళాన్ని గుర్తుపట్టలేదు. ఫిట్లు మొదలయ్యాయి. అప్పుడు పడింది ఉమారాణి డాక్టరు కాళ్ళ మీద. అంతా చెప్పేసింది.

అరగంటలో రక్తం రిపోర్టు వచ్చింది.

"మలేరియా. మెదడుకెక్కింది. మొన్ననే చెప్పుంటే బతికించుకునేవాళ్ళం కదమ్మా," అంది మాలతి.

సాయంత్రానికి శ్రీనాథ్ పోయాడు.

ఒక్క మాట! ఒక్క మాట నోరు దాటి ఉంటే ఇల్లు నిలిచేది. దాన్నే తలుచుకుని ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి.

దినాలయ్యాక గుమాస్తా క్రాంతి కుమార్‌ను పిలిచింది.

"మన దుకాణంకాడికి వచ్చిన ఆ హమాలీ యాడుంటడో జర కనుక్కో. కాళ్ళమీద పడాలె నేను."

"ఏ హమాలీ అమ్మా? మనకాడ గసుంటోడు ఎవడు లేడు," అన్నాడు క్రాంతి కుమార్, కంపెనీకి పంపాల్సిన రైతుల ఫిర్యాదు కాగితాలు సర్దుతూ.

ఆ కాగితాల్లో ఒక పట్టా పాసుపుస్తకం జిరాక్సు ఉంది. దాని మీది ఫొటో చూసి ఉమారాణి కాగితం లాక్కుంది.

"ఈయనే! గీ హమాలీనే!"

"హమాలీ గాదమ్మా, వీపనగండ్ల రైతు మల్లయ్య," అన్నాడు క్రాంతి కుమార్. "మన విత్తనమేసి నాలుగెకరాలు మునిగి, ఆ దినం సేటును నిలదీద్దామనే వచ్చి కూసున్నడంట."