ఆంప్లిఫయర్ ఆగాక

ఆ రాత్రి కామసముద్రం టాక్సీ డ్రైవర్ పాండు, మూతబడ్డ బంగారు గని పక్కన, గని వదిలిన సైనైడ్ మట్టి దిబ్బ నీడలో కారు ఆపి డిక్కీ తెరిచాడు.

"పాట ఆపినా టక్ టక్ అంటానే ఉండాది డెన్నిసన్నా. ఈ తావుకొస్తేనే ఇట్లా."

కార్లకు సౌండ్ సిస్టమ్‌లు బిగించే డెన్నిస్ టార్చి పళ్లతో కరిచిపట్టుకుని ఆంప్లిఫయర్ మీదికి వంగాడు. ప్లేయర్ నుంచి వచ్చే వైరు పీకాడు. చప్పుడు ఆగలేదు. ఫ్యూజు తీశాడు. ఆంప్లిఫయర్ ఎర్ర దీపం ఆరిపోయింది. స్పీకర్లో మాత్రం టక్, టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్.

ఆ వరస అతనికి తెలుసు. లోపల రాయి కూలితే చిక్కుకున్నవాళ్లు పైపు మీద అట్లాగే కొడతారనీ, విన్నవాళ్లు తిరిగి కొట్టి తీరాలనీ నాన్న చిన్నప్పుడే నేర్పాడు. ఆ నాన్న ఒకరోజు ఈ గనిలోకి దిగి, మళ్లీ పైకి రానేలేదు.

డెన్నిస్ చెయ్యి దానంతటదే లేచింది. స్క్రూడ్రైవర్ పిడితో కారు రేకు మీద అదే వరసలో కొట్టాడు.

చప్పుడు ఆగిపోయింది.

"సరిపోయినాదా అన్నా? ఏం చేసినావు?" పాండు నవ్వాడు.

డెన్నిస్ స్పీకర్ వైర్లు కూడా పీకేశాడు.

అప్పుడు కాళ్ల కింద నేల అదే వరసలో అదిరింది. ఈసారి కొడుతున్నది ఒక్కరు కాదు.